నలభై దాటాక శిష్యరికం

ఒంగోలులో నలభై అయిదేళ్ల మనిషికి పేరుకన్నా ముందు పని వినపడుతుంది. లాయరు గారు, గ్రానైటాయన, పొగాకు బయ్యరు, లెక్కల మాస్టారు, ఫలానావాళ్ల పెద్ద కోడలు. లాయరుపేటలో బయలుదేరి ట్రంకురోడ్డు దాటేలోపు నలుగురైదుగురు ఆ పిలుపుతోనే పలకరిస్తారు. ఇరవై ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న పిలుపు అది. దాని విలువ దానికుంది. అయితే మనిషిని కదలనివ్వకుండా కట్టేసేదీ ఆ పిలుపే. ఊరందరికీ సలహా చెప్పే లాయరు గారు సరిగమల దగ్గర తడబడుతూ కూర్చుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారు? ముగ్గురు పిల్లలకు పెళ్లిళ్లు చేసి ఇంటిని ఒంటిచేత్తో నడిపినావిడ, కోలాటంలో అడుగు తప్పి కర్ర జారవిడుచుకుంటే ఎట్లా?

కొత్తది మొదలుపెట్టకపోవడానికి జనం చెప్పే కారణాలు వేరేగా ఉంటాయి. తీరిక లేదు, మోకాళ్ల నొప్పులు, అమ్మాయి పెళ్లి కావాలి, ఈ ఏడు పంట సరిగా లేదు. ఇవన్నీ నిజాలే, వీటిని కొట్టిపారేయను. కానీ తీరిక దొరికిన రోజున కూడా అడుగు పడదు చూశారా, అక్కడ అసలు సంగతి బయటపడుతుంది. మనకు రాని పనిని, రాదని నలుగురికీ తెలిసేట్టు చేయాలి. నలభై దాటిన మనిషికి అన్నిటికన్నా కష్టమైన పని ఇది. అందుకే ఏ హాబీ మంచిదనే ప్రశ్న కంటే ముందు, మళ్లీ శిష్యుడిగా కూర్చోవడం ఎట్లాగన్నది తేల్చుకోవాలి.

ఈ విషయంలో మనకు పెద్ద దిక్కు మన జిల్లా పేరులోనే ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులు 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు పెట్టి పిల్లల్ని సాకింది. నాటకాల్లో వేషాలు కట్టిన కుర్రాడు ప్లీడరయ్యాడు, ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యాడు, మద్రాసు హైకోర్టులో రెండు చేతులా సంపాదించాడు. ఇక్కడిదాకా కథ అందరికీ తెలిసిందే. తర్వాతది నడివయసువాళ్లు శ్రద్ధగా చదవాల్సిన భాగం. 1921లో, దాదాపు యాభై ఏళ్ల వయసులో, ఆ ప్రాక్టీసు వదిలేసి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. వాదించడం తెలిసిన మనిషి అచ్చుయంత్రాలు, కాగితం ధరలు, చందాదారులు, జీతాల పద్దులు, ఇంగ్లీషు తెలుగు తమిళ సంచికలు అన్నీ ఆ వయసులో ఒక్కొక్కటిగా నేర్చుకోవాల్సి వచ్చింది. పత్రిక జాతీయోద్యమానికి గొంతయింది. కొన్నేళ్లకు డబ్బు ఇబ్బందులతో మూతపడింది కూడా.

ఉద్యోగం మానేసి పత్రిక పెట్టమని నేను ఎవరికీ చెప్పను. పంతులుగారి తెగువ కాలం అడిగిన తెగువ. మనం తీసుకోవాల్సింది వేరే ఉంది. పత్రిక మూతపడిన తర్వాత ఆయన కుంగి కూర్చోలేదు. 1946లో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రీమియర్ అయ్యారు, 1953లో ఎనభై దాటాక ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. యాభై ఏళ్ల ప్రాయంలో మొదలుపెట్టిన పని చేతిలో నిలవకపోయినా, మొదలుపెట్టే అలవాటు ఆయనలో నిలిచింది.

గుంటూరు వైపు చూస్తే ఉన్నవ లక్ష్మీనారాయణ గారున్నారు. ఆయనా బారిస్టరే, 1877లో పుట్టారు. సహాయ నిరాకరణ రోజుల్లో జైలుకు వెళ్లి, అక్కడ కూర్చుని ‘మాలపల్లి’ రాశారు. అప్పటికి నలభై నాలుగు నలభై అయిదేళ్లు. కోర్టు కాగితాల భాష అలవాటైన చేత్తో పల్లెజనం మాట్లాడే భాషలో అంత పెద్ద నవల రాయడానికి, ఎవరి మాటలైతే రాస్తున్నారో వాళ్ల ముందు చెవులప్పగించి కూర్చుని ఉండాలి. ఆ వినయం లేకుండా ఆ పుస్తకం పుట్టదు.

వీళ్లు పెద్ద చదువులవాళ్లు, మనకేం పోలిక అనుకోవద్దు. ఒంగోలుకు దక్షిణాన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగిందో తలుచుకోండి. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు, పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు ముందు పలక పట్టుకున్నారు. వాళ్లలో ఎంతోమంది పిల్లల తల్లులు, కొందరు అత్తగార్లు. వేళ్లు వంగక, బలపం సరిగా పట్టుబడక, పక్కనే తమ పిల్లలు చూస్తుండగా అక్షరాలు దిద్దారు. వాచకంలో సారా వల్ల సంసారాలు నాశనమవుతున్న కథ చదివి, ఇది మన కథే కదా అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడి ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఆ రాత్రిబడిలో కూర్చున్న రోజున వాళ్లెవరికీ ఇంత జరుగుతుందని తెలియదు. రాని పని నేర్చుకోవడానికి కూర్చున్నారు, అంతే. దాంతో పదిమంది ఒకచోట చేరడం, గొంతు విప్పడం, తప్పు రాసినా దిద్దుకోవచ్చన్న ధైర్యం వెంట వచ్చాయి.

పేరున్న మనిషి శిష్యుడిగా మారడం ఎంత కష్టమో, ఎంత బాగుంటుందో రవీంద్రనాథ్ ఠాగూరును చూస్తే తెలుస్తుంది. నోబెల్ బహుమతి అందుకున్న కవి. చిత్రలేఖనంలో పద్ధతిగా శిక్షణ పొందినవాడు కాదు. రాతప్రతుల్లో కొట్టివేతలను కలుపుతూ గీసిన గీతలే బొమ్మలయ్యాయి. అరవై దాటాక ఆ పనిలో మునిగిపోయి, 1930లో పారిస్‌లో బొమ్మల ప్రదర్శన పెట్టారు. ప్రపంచమంతా తన కవిత్వానికి తలవంచుతున్న కాలంలో, తను ఓనమాలు దిద్దుకుంటున్న విద్యను పదిమందిలో పెట్టారు.

శరీరం సంగతేమిటి, ఈ వయసులో బుర్రకు ఎక్కుతుందా అన్న అనుమానం చాలామందిది. 2008లో జర్మనీ పరిశోధకులు అరవై ఏళ్ల ప్రాయంవారికి మూడు బంతులు గాల్లో ఎగరేసి పట్టుకోవడం నేర్పించారు. కుర్రవాళ్లంత త్వరగా అబ్బలేదు. కానీ నేర్చుకున్నవాళ్ల మెదడులో మార్పులు స్కానింగులో కనిపించాయి. జ్ఞాపకానికి సంబంధించిన భాగం కూడా అందులో ఉంది. 2014లో అచ్చయిన మరో అధ్యయనంలో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంవారు 60 నుంచి 90 ఏళ్లవారిని తీసుకుని కొందరికి డిజిటల్ ఫోటోగ్రఫీ, కొందరికి బొంతలు కుట్టడం నేర్పారు. వారానికి పదిహేను గంటల చొప్పున మూడు నెలలు. మరో బృందం అంతే సేపు కలిసి కబుర్లు, ఆటలు, విహారాలతో సరదాగా గడిపింది. జ్ఞాపకశక్తి ఎక్కువగా మెరుగుపడింది కొత్త విద్య నేర్చుకున్నవాళ్లలోనే. స్నేహితులతో సాయంకాలాలు గడపడం మంచిదే, మానొద్దు. కానీ తెలిసిన పేకాట, తెలిసిన కబుర్లు కొత్త విద్య చేసే పని చేయవు. కాస్త కష్టం తగలాలి.

ఇక ఏది ఎంచుకోవాలి? పగలంతా కూర్చుని చేసే పనైతే లేచి చేసేది చూసుకోండి. ఎండలో తిరిగే పనైతే నీడపట్టున కూర్చుని చేసేది. దానికంటే ముఖ్యంగా, నేర్పే మనిషి మీ ఊళ్లోనో, ఆటోలో వెళ్లి వచ్చేంత దూరంలోనో దొరకాలి. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకోవచ్చని మీ అబ్బాయి చెబుతాడు. వాటి ఉపయోగం వాటికుంది. కానీ వీడియో మీ తప్పు చూడదు. తప్పు చూసి దిద్దే మనిషి ఎదురుగా ఉండటమే శిష్యరికంలో సగం.

మన వైపు ఆడవాళ్లకు ఇప్పుడు కళ్ల ముందున్న గొప్ప అవకాశం కోలాటం. ఒంగోలు పేటల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ బృందాలున్నాయి. సాయంత్రం గుడి ముందు చూస్తే చాలు, వాటిలో ఎక్కువమంది నలభై దాటినవాళ్లే. నిన్నటిదాకా గుమ్మం దగ్గర నిలబడి చూసిన ఆవిడ ఇవాళ వరసలో ఉంటుంది. మాస్టారు పాట ఎత్తుకుంటాడు, తాళం వేస్తాడు, కోపు (అడుగుల వరస) మారుస్తాడు. లోపలి వరస ఒకవైపు, బయటి వరస మరోవైపు తిరుగుతాయి. అడుగు తప్పితే ఎదుటామె కర్ర మీ వేళ్లకు తగులుతుంది. అందుకే మొదట కర్రలు పక్కన పెట్టి అడుగులు మాత్రమే నేర్చుకోవడం మంచిది. అడుగు కుదిరాక కర్ర దానంతటదే కుదురుతుంది. పైనుంచి వేలాడే తాళ్లను ఆడుతూ జడగా అల్లి, మళ్లీ ఆడుతూ విప్పే జడకోపు దాకా వెళ్లడానికి చాలాకాలం పడుతుంది. తొందరపడొద్దు. శ్రీరామనవమికి, తిరునాళ్లకు, గుడి ఉత్సవాలకు పిలుపులొస్తాయి. తిరుమల తిరుపతి దేవస్థానం దాససాహిత్య ప్రాజెక్టు ద్వారా కొన్ని బృందాలు తిరుమలలో కూడా ఆడి వస్తాయి.

ఒక్క జాగ్రత్త. సిమెంటు నేల మీద ఉత్తకాళ్లతో రోజూ గంతులేస్తే మడమలు, మోకాళ్లు దెబ్బతింటాయి. సాధన మట్టినేల మీద పెట్టుకోండి. షుగరున్నవాళ్లు సాధనప్పుడు మెత్తటి చెప్పులో బూట్లో వేసుకోండి. స్వామి ముందు ఆడే రోజు సంగతి వేరు. మొదలుపెట్టేముందు బీపీ, షుగరు చూపించుకోవడం ఎవరికైనా మంచిదే.

రెండోది పద్యం. మన జిల్లాలో నాటకం పిచ్చి ఇంకా పోలేదు, పోకూడదని నా కోరిక. ఒంగోలులో ఎన్టీఆర్ కళాపరిషత్తు పోటీలకు వచ్చే జనాన్ని చూసినా, పల్లెల్లో తెల్లవార్లూ హరిశ్చంద్ర కాటిసీను దగ్గర కూర్చునే పెద్దవాళ్లను చూసినా ఆ సంగతి తెలుస్తుంది. వినుకొండలో పుట్టిన కవి జాషువా శ్మశానం పద్యాలను నటులు ఆ కాటిసీనులోకి తెచ్చుకుని పాడారు. అవి విని కంఠతా వచ్చినవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది. వినడం దగ్గరే ఆగిపోయారు. వాళ్లకు చెబుతున్నాను, పాడటం మొదలుపెట్టండి.

పద్యం నేర్చుకునేవాళ్లు మొదట చేసే పొరపాటు, రికార్డులో విన్న నటుడి శృతిలో పాడబోవడం. ఆ నటులు మైకులు లేని రోజుల్లో ఆఖరి వరసకు వినపడేలా పైశృతిలో గొంతును మలుచుకున్నవాళ్లు. మీరు హార్మోనిస్టు దగ్గర కూర్చుని ముందు మీ శృతి ఏదో కనుక్కోండి. గొంతు ఎక్కడ సుఖంగా నిలుస్తుందో ఆయన రెండు మెట్లు నొక్కి చెప్పేస్తాడు. తర్వాత పద్యాన్ని రాగం లేకుండా, అర్థం తెలిసేలా చదవండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాతే రాగం. చివర గొంతెత్తి సాగదీసే భాగం కోసం అందరూ ఆరాటపడతారు, ‘వన్స్‌మోర్’ పడేది అక్కడే కాబట్టి. దాన్ని ఆఖరున నేర్చుకోండి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. ఇల్లున్నవాళ్లకు మిద్దెతోట ఉంది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాదు దగ్గర తన ఇంటిమీద కూరగాయలు పండించి, పుస్తకం రాసి, ఎందరినో ఆ దారి పట్టించారు. ఒంగోలు ఎండలకు మే నెలలో మొదలుపెడితే మొలకలు మాడతాయి, వానలు పడ్డాక మొదలుపెట్టండి. పక్షులను చూడటం ఇంకా తేలిక. పాలపిట్ట మన మిరప చేల పక్కన కరెంటు తీగమీదే కూర్చుంటుంది, లకుముకిపిట్ట కాలువగట్టున ఉంటుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, రంగుకొంగలు గూళ్లు పెడతాయి. తెల్లవారగట్ల ఒక నోటుపుస్తకం తీసుకుని వెళ్లి, చూసింది రాసుకుంటే చాలు. ఈత నేర్చుకోవాలనుకునేవాళ్లకు మాత్రం గట్టిగా చెబుతాను. కొత్తపట్నం సముద్రంలో వద్దు, చేలోని బావిలో వద్దు, చీమకుర్తి వైపు నీళ్లు నిండిన క్వారీ గుంటల్లో అసలే వద్దు. కోచ్ ఉన్న కొలనులోనే నేర్చుకోండి.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో రోజుకో అరగంట కేటాయించమని రాస్తారు. ఆఫీసు ఉద్యోగికి అది కుదురుతుంది. పొగాకు రైతుకు ఎట్లా కుదురుతుంది? ఆకు కాల్చే బ్యారన్ వెలిగించిన రాత్రుల్లో మంట చూసుకుంటూ కునికిపాట్లు పడే మనిషికి అరగంట కూడా తనది కాదు. ఆకు కాల్చడం అయ్యాక వేలం కేంద్రం చుట్టూ తిరగడం ఉంటుంది. మిరప రైతుకు సంక్రాంతి నుంచి వేసవి మొదలయ్యేదాకా కోతలు, కల్లాలు, గుంటూరు యార్డు. పత్తి వేసినవాళ్లకు చలికాలమంతా తీతలే. కాబట్టి మన ప్రాంతంలో కొత్త విద్యకు గడియారం పనికిరాదు, పంట చూసుకోవాలి. మిరప యార్డుకు వేసవి సెలవులిచ్చే రోజుల నుంచి తిరిగి నాట్లు పడేదాకా ఉన్న కాలంలో రోజూ రెండేసి గంటలు కూర్చోండి. పని ముమ్మరంగా ఉన్న నెలల్లో పూర్తిగా ఆపేయండి, ఆపినందుకు బాధపడకండి. లాయర్లకు మే నెలలో సివిల్ కోర్టుల సెలవులు, మాస్టార్లకు వేసవి సెలవులు. ఇంటి పని చూసుకునే ఆడవాళ్లకు మధ్యాహ్నం భోజనాలయ్యాక దొరికే ఆ కాస్త సమయం. అది వాళ్లదేనని ఇంట్లో మిగతావాళ్లు ఒప్పుకోవాలి. ఆ వేళకు కాఫీ అడగడం మానుకోవడం మొగుడు చేయగలిగిన పెద్ద సాయం.

గురువు విషయంలో ఒక ఇబ్బంది తప్పకుండా ఎదురవుతుంది. మీకు నేర్పేవాడు మీ కొడుకు వయసువాడు కావచ్చు. ఈత కోచ్ పాతికేళ్ల కుర్రాడు, కోలాటం మాస్టారుకు ముప్పై ఉంటాయి. నేర్పే చోట అతన్ని ‘మాస్టారూ’ అనే పిలవండి. ‘ఏరా అబ్బాయ్’ అన్నారంటే అతను మొహమాటపడి మీ తప్పులు చెప్పడం మానేస్తాడు, నష్టం మీకే. వేళకు వెళ్లండి. ఫీజు నెల మొదట్లో ఇచ్చేయండి. మీ ఉద్యోగం, మీ హోదా గురించి అక్కడ ఎత్తకండి. మొదట్లో ఇది ఒంటికి పట్టదు. పట్టిన రోజున మాత్రం మనసు ఎంత తేలికవుతుందో చెప్పలేను. అన్ని చోట్లా జవాబులు చెప్పాల్సిన మనిషికి, జవాబు తెలియకపోయినా ఫరవాలేని చోటు ఒకటి దొరుకుతుంది.

డబ్బు గురించి. మొదటి మూడు నెలలూ ఏమీ కొనకండి. హార్మోనియం అద్దెకు తీసుకోండి లేదా గురువుగారిదే వాడుకోండి. మంచి బైనాక్యులర్లు, ఖరీదైన కెమెరా, ఇరవై కుండీలు ఒకేసారి కొన్నవాళ్లలో చాలామందికి కొనడంతోనే ఉత్సాహం తీరిపోతుంది.

ఇంట్లో చెప్పండి, వీధిలో చెప్పకండి. ఇంట్లో దాస్తే అనుమానాలు, అలకలు వస్తాయి. వీధిలో ముందే చాటుకుంటే ప్రతి వారం ఎంతదాకా వచ్చిందని అడుగుతారు. “ఏంది బావా, ఈ వయసులో హార్మోనియం పట్టుకున్నావంట?” అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. “పట్టుకున్నా బావా, ఇంకా సరళీ స్వరాల్లోనే ఉన్నా” అనేయండి. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే ఎగతాళికి చోటుండదు. నెల తిరిగేసరికి ఆ బావే వచ్చి పక్కన కూర్చోవచ్చు.

ఫోనులో పెట్టే విషయం కూడా అనుకోవాలి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలి పనులు, బీడీలు చేసుకున్న గంగవ్వ ‘మై విలేజ్ షో’ వీడియోల్లో నటించి, 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లింది. ఆమెను చూస్తే నాకు సంతోషం. కానీ ఆమె దారి చూసి, నేర్చుకోవడం మొదలుపెట్టిన వారానికే యూట్యూబ్ చానల్ పెడితే చేతిలోని పని చూసేవాళ్ల కోసం అయిపోతుంది. ఎన్ని లైకులు వచ్చాయన్నదే మనసులో తిరుగుతుంది. ఏడాది పాటు మీ తప్పులు మీవిగా, మీ గురువుగారివిగా ఉండనివ్వండి.

చివరిగా, ఎంచుకున్నది కుదరకపోవచ్చు. ఒక ఋతువంతా కూర్చున్నాక కూడా మనసు ఆ వైపు లాగకపోతే మానేయవచ్చు. అయితే చెప్పకుండా మానేయొద్దు. మాస్టారు దగ్గరికి వెళ్లి, నాకు ఇది కుదరడం లేదండీ అని చెప్పి, బాకీ ఉంటే తీర్చి, అద్దె హార్మోనియం వెనక్కి ఇచ్చి రండి. ఆయనకు తెలిసిన తబలా మాస్టారో, బొమ్మలు గీసే ఆయనో ఎవరైనా ఉన్నారేమో అడగండి. ఊళ్లో కళాకారులకు ఒకరికొకరు తెలిసే ఉంటారు. రెండో విద్యకు వెళ్లిన రోజున, కింద చాపమీద కూర్చోవడం మీకు మొదటిసారి ఉన్నంత కష్టంగా ఉండదు.